విద్వాంసుడి నడవడిని బట్టి అతని వాద్యానికి విలువ కట్టవచ్చా?

కరీంనగర్‌లో త్యాగరాజ ఆరాధన నిర్వహించే కమిటీలో సభ్యులైన మీరు అడిగినది, నాకు అర్థమైనంతవరకు, ఇది. మీరు చాలా ఏళ్లుగా అభిమానించిన ఒక వయొలిన్ విద్వాంసుడు శిష్యుల సంభావనలో వాటా మిగుల్చుకుంటాడని, నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలతో మర్యాద తప్పి మాట్లాడతాడని మీకు నమ్మకస్తులు చెప్పారు. అప్పటినుంచి అతని రికార్డింగు ఏది విన్నా మీకు కమానులో అహంకారమే వినిపిస్తోంది. కమిటీలో ఒకరు "వాద్యం వేరు, మనిషి వేరు" అంటున్నారు. మరొకరు "మనసులో శుద్ధి లేనివాడి నాదంలో శుద్ధి ఎక్కడినుంచి వస్తుంది" అంటున్నారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట సరైనదని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. అతను ఎలా వాయిస్తాడో తేల్చేటప్పుడు చెవికి అందినదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. అతన్ని పిలవాలా వద్దా అని తేల్చేటప్పుడు నడవడిని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. మీ సభ్యులిద్దరూ ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేశారు. మొదటివారు వాద్యం గురించి సరైన మాటే చెప్పి, దానితోనే ఆహ్వానం సంగతి కూడా తేలిపోయిందనుకుంటున్నారు. రెండవవారికి అతన్ని పిలవడం ఇష్టం లేదు. అందుకు న్యాయమైన కారణమే ఉన్నా, దాన్ని నేరుగా చెప్పడానికి బదులు అతని నాదం మీదికి నెడుతున్నారు.

నేను హనుమకొండలో మృదంగం వాయిస్తూ, నేర్పుతూ ఉన్నవాడిని. పక్కవాద్యకారుడు కావడం వల్ల చాలామంది విద్వాంసులను వేదిక మీదా, వేదిక దిగిన తరువాత భోజనాల దగ్గరా, తిరుగు ప్రయాణంలో కాజీపేట ప్లాట్‌ఫారం మీదా దగ్గరగా చూసే అవకాశం కలిగింది. పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చోవడమూ అలవాటే. కింద వ్రాసేదంతా ఆ అనుభవంతో చెబుతున్నదే.

ముందుగా మనసు శుద్ధి వాదం గురించి. భక్తి లేని సంగీత జ్ఞానం సన్మార్గం కాదని త్యాగరాజస్వామి ధన్యాసి రాగ కృతిలో అన్న మాటను ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఆ కృతిలో ఆయన మందలిస్తున్నది తన మనసును. ఎదుటివాడి విద్యకు వెల కట్టే ఉద్దేశం అందులో లేదు. పైగా, భక్తి లేకున్నా సంగీత జ్ఞానం ఉండగలదని ఒప్పుకుంటేనే గదా అది సన్మార్గం కాదని అనడానికి వీలవుతుంది.

శాస్త్రకారుల తీరు ఇంకా స్పష్టంగా ఉంటుంది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజు సింఘణుని కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో గాయకుడికి ఉండకూడని దోషాలను 25గా లెక్కించాడు. (మన ఓరుగల్లులో గణపతిదేవుని గజసేనాధిపతి జాయప నృత్తరత్నావళి వ్రాసింది కూడా ఆ శతాబ్దిలోనే; ఆ కాలపు దక్కనులో కళలను ఇంత నిశితంగా పరిశీలించినవారు ఒకరికంటే ఎక్కువమందే ఉండేవారని తెలుస్తోంది.) పళ్లు బిగించి పాడడం దోషం, అరుస్తూ పాడడం దోషం, భయపడుతూ పాడడం, వణుకుతూ పాడడం, తాళం తప్పడం, బుగ్గలు ఉబ్బించడం, మెడ వంకర తిప్పడం, కళ్లు మూసుకోవడం, రాగాలను కలగలపడం, ముక్కుతో పాడడం, పాట మీద ధ్యాస లేకపోవడం, ఇవన్నీ దోషాలే. ఆ పట్టికలో అప్పు ఎగ్గొట్టడం లేదు, అబద్ధం లేదు, పరస్త్రీ వ్యామోహం లేదు. నీతి శాస్త్రాలకు కొదవ లేని కాలంలో కూర్చుని వ్రాసినవాడు వాటిని మరచిపోయి ఉండడు. గాయకుడి దోషమంటే అతని కంఠంలో, ముఖంలో, అవధానంలో కనిపించేదేనని గీత గీసుకుని వ్రాశాడు. కొన్ని గుణాలు తక్కువైనా దోషాలు లేనివాడిని మధ్యముడిగా, దోషాలున్నవాడిని అధముడిగా నిర్ణయించాడు. ఇంత కటువుగా తూచినవాడు కూడా తూకంలో వేసింది పాటను మాత్రమే. గాయకుడి గురించి చెప్పినదే అయినా, వాద్యకారుడిని తూచడానికీ ఈ పద్ధతి పనికివస్తుంది.

ఇక మీకు కమానులో వినిపిస్తున్న అహంకారం సంగతి. మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను, నిజంగానే వినిపిస్తూ ఉండవచ్చు. అయితే కథ ముందు తెలిస్తే చెవి ఆ కథను వెతుక్కుంటుంది. ఇటలీలో కార్లో జెసుఆల్డో అనే ప్రభువు 1590లో తన మనుషులతో కలిసి భార్యను, ఆమె ప్రియుడిని చంపాడు. అతను చేసిన బృందగీతాల్లో స్వరాలు వింతగా, ఊహించని చోటికి మలుపు తిరుగుతాయి. ఆ మలుపుల్లో హంతకుడి పశ్చాత్తాపం వినిపిస్తుందని చెప్పేవారు చాలామంది. కాని అలాంటి స్వర ప్రయోగాలు ఫెర్రారా నగరపు సంగీతకారులు అప్పటికే చేస్తున్నారు, వారెవరూ హంతకులు కారు. హత్య సంగతి తెలియనివారికి ఆ గీతాలు వినిపిస్తే వింతగా ఉన్నాయంటారే తప్ప, నెత్తురు వాసన వస్తోందని అనరు.

అందువల్ల నేను నా శిష్యులకు ఒక నియమం పెట్టాను. వాద్యం గురించి చెప్పే ప్రతి మాటా కచేరీలో ఒక చోటును చూపించగలగాలి. "అహంకారం" అన్నారా, ఎక్కడ? గాయని నెరవల్ (ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా మలిచి పాడడం) చేస్తుండగా వయొలిన్ శబ్దం ఆమె గొంతును మించిందా? ఆమె రాగం ముగించి చోటు ఇచ్చినప్పుడు, ఆమె తీసుకున్న సమయంకంటే ఎక్కువ తీసుకున్నాడా? కల్పనస్వరాల్లో, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే స్వరాల్లో, ఆమె వేసిన లెక్కకు జవాబు చెప్పకుండా ముందే సిద్ధం చేసుకున్న మరో లెక్కను దించాడా? ఇవన్నీ వినదగినవి, ఇంకొకరు విని ఔననో కాదనో చెప్పదగినవి. చోటు చూపించలేకపోతే ఆ మాట కచేరీ వినకుండా కూడా వ్రాయవచ్చు, కాబట్టి దాన్ని కొట్టివేయవలసిందే. మీరు ఒక పని చేయండి. ఆ వదంతి మీ చెవిన పడకముందు మీకు నచ్చిన రికార్డింగు ఒకటి, తరువాత విన్నది ఒకటి, వేరే విద్వాంసులవి రెండు మూడు కలిపి, పేర్లు చెప్పకుండా వినిపించమని ఇంట్లో ఎవరినైనా అడగండి. విన్నది విన్నట్టు కాగితం మీద వ్రాయండి. అహంకారం ఎవరి కమానులో ఉందో అప్పుడు చూడండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, "వాద్యం వేరు, మనిషి వేరు" అనేవారు దీన్ని దాటవేస్తారు. కర్ణాటక కచేరీలో నడవడిలో కొంత భాగం వాద్యంలోనే ఉంటుంది. పక్కవాడిని వినడం, చోటు ఇవ్వడం, తడబడ్డవాడిని నిలబెట్టడం, ఇవి మర్యాదకు సంబంధించినవి మాత్రమే అనుకోకూడదు. పక్కవాద్యానికి ఇవి ప్రాణం. వీటికి మార్కులు వేయవచ్చు, వేయాలి కూడా. అయితే వేదిక మీది నడవడికీ, వేదిక కిందిదానికీ పొత్తు ఉంటుందని ముందే అనుకోవద్దు.

నాకు తెలిసిన ఇద్దరిని ఉదాహరణగా చెబుతాను. ఒకాయన మృదంగ విద్వాంసుడు, పరమ కోపిష్ఠి. శ్రుతిపెట్టె తెచ్చి ఇచ్చిన పిల్లవాడిని కూడా విసుక్కోకుండా ఉండలేడు. హనుమకొండలో ఒక శ్రీరామనవమి పందిట్లో కొత్తగా కచేరీలు మొదలుపెట్టిన ఒక అమ్మాయికి ఆయన వాయించాడు. ఆ అమ్మాయి ఏడు అక్షరాల మిశ్రచాపు తాళంలో స్వరాలు పాడుతూ ఎత్తుగడ, అంటే పాటను మళ్లీ అందుకునే చోటు, జారవిడిచింది. చేతి లెక్క ఒక చోట, పాట ఒక చోట అయిపోయింది. అలాంటప్పుడు కొందరు తమ తప్పేమీ లేదని సభకు తెలిసేలా తాళాన్ని గట్టిగా కొట్టి చూపిస్తారు. ఆయన నడకను పలచన చేసి, ఎడమచేతి గుముకులు (లోతైన శబ్దాలు) తగ్గించి, పల్లవి ఎత్తుగడ వచ్చే చోటికి ఒక అర ఆవర్తనం (తాళం చుట్టులో సగం) ముందు నుంచి కుడివైపు చాపు దెబ్బలతో దారి వేశాడు. అమ్మాయి ఆ దారి పట్టుకుని సరిగా వచ్చి చేరింది. పందిట్లో నూటికి తొంభైమందికి ఏం జరిగిందో తెలియదు. కచేరీ అయ్యాక ఆ అమ్మాయి నమస్కారం పెట్టబోతే ఆయన ముఖం తిప్పుకుని టీ ఎక్కడని అడిగాడు.

రెండవ ఆయన వయొలిన్ విద్వాంసుడు. అంత సౌమ్యుడిని చూడలేదంటారు అందరూ. నిజమే, నేనూ చూడలేదు. పిన్నా పెద్దా అందరినీ "మీరు" అంటాడు, ఇచ్చిన సంభావనను లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంటాడు. కాని వేదిక ఎక్కితే గాయకుడి ప్రతి సంగతినీ తిరిగి వాయించి, దాని మీద తనదొకటి చేర్చి, ఎదుటివాడికి ఊపిరి ఆడనివ్వడు. గాయకుడు విరామం కోసం ఆగిన చోట ఆయన కమాను ఆగదు. నేను అతని పక్కన కూర్చున్న ప్రతిసారీ గాయకుడు ఆలాపన తొందరగా ముగించేయడం గమనించాను. పక్కవాద్యంగా అది బలహీనమైన వాద్యం. ఆ మాట నేను ఎక్కడన్నా జనం నొచ్చుకుంటారు, "అంత మంచి మనిషిని" అంటారు.

ఈ నొచ్చుకోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చెడ్డవాడికి మార్కులు తగ్గించడంకంటే మంచివాడికి పెంచడమే మన దగ్గర ఎక్కువగా జరుగుతున్న అన్యాయం. చెడ్డవాడి విషయంలో కనీసం వాదన నడుస్తుంది, మీ కమిటీలో నడిచినట్టు. మంచివాడి విషయంలో వాదనే ఉండదు. పోటీల్లో నేను చూసేది ఇదే: వచ్చీ రాగానే న్యాయనిర్ణేతల కాళ్లకు మొక్కిన పిల్లవాడు, పేదరికంలో నుంచి వచ్చాడని ముందే తెలిసిన పిల్లవాడు, మనకు తెలిసిన మంచి గురువు శిష్యుడు, వీరికి తెలియకుండానే చేయి బరువెక్కుతుంది. మొహం ముడుచుకుని కూర్చున్న పిల్ల సరిగ్గా ముక్తాయించినా "భావం లేదు" అని వ్రాస్తాం. ఆ భావం చెవితో విన్నదా, ముఖంలో చూసిందా అని ఎవరూ అడగరు. ఆకాశవాణి ఆడిషన్లలో ఎవరు వాయిస్తున్నారో న్యాయనిర్ణేతలకు తెలియకుండా వినే పద్ధతి పెట్టడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడు ఇచ్చేటప్పుడు చెవి తప్ప మరొకటి పనిచేయకూడదని. ఆ పద్ధతిలోనూ లోపాలు వెతికేవారున్నారు, పేరున్న గొంతును తెర దాచలేదు కూడా. అయినా నేను ఉన్న చోట పిల్లల పోటీలకు ఒక తెల్ల దుప్పటి అడ్డం కట్టించడం మొదలుపెట్టాం. కట్టిన తరువాత బహుమతులు వెళ్లే ఇళ్లు కొంత మారాయి.

మరొక సంగతి, అడగకపోయినా చెబుతున్నాను. "నడవడి" అనే కొలత అందరి మీదా ఒకే రకంగా పడదు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు కొట్టేవారి గురించి, పెండ్లికి వచ్చిన సన్నాయి మేళం గురించి, డప్పు కళాకారుల గురించి మాట్లాడేటప్పుడు "తాగుతారండీ" అన్నది మొదటి మాట అవుతుంది. వారు దెబ్బలో ఎన్ని వరుసలు నడిపించారన్నది ఎవరికీ పట్టదు. అదే అలవాటున్న వయొలిన్ విద్వాంసుడిని "కళాకారుడు గదా, అలాగే ఉంటారు" అని ముద్దు చేస్తాం. అందులో నడవడి ఎంత ఉందో, కులం ఎంత ఉందో ఎవరి మనసుకు వారు తెలుసుకోవాలి. ఒగ్గు డోలు బృందంలో పదిమంది ఒకే దెబ్బను నిలబెట్టి, నృత్యం చేస్తూ, నడక మార్చి తిరిగి మొదటి నడకకు రావడం ఎంత కష్టమో తాళం తెలిసినవారికి తెలుస్తుంది. దాన్ని ముందు వినండి.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న, పిలవాలా వద్దా అన్నది. ఇక్కడ నేను "వాద్యం వేరు" వారితో పూర్తిగా విభేదిస్తాను. వేదిక, సంభావన, పేరు, శిష్యులు చేరడం, ఇవి నాదం నుంచి రావు, మనం ఇచ్చేవి. ఇవ్వడం మన చేతిలో ఉన్నప్పుడు దాని వల్ల ఎవరికి హాని కలుగుతుందో చూడడం మన బాధ్యత.

మా వాద్యంలోని మహానుభావుడి గురించే చెబుతాను. పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) మృదంగంలో ఏం సాధించారో నేను చెప్పనక్కరలేదు. ఇప్పటికీ ఆయన రికార్డింగు వినకుండా మేము చాపు ఎలా పలకాలో నేర్పలేము. ఆయన చాలాకాలం స్త్రీల కచేరీలకు వాయించలేదు. ఆయన మొదట వాయించిన గాయని డి.కె. పట్టమ్మాళ్. ఆ నియమం ఆయన నాదంలో ఒక్క అక్షరాన్ని కూడా తగ్గించలేదు, రికార్డింగులే సాక్ష్యం. కాని అది ఆ కాలంలో పాడిన ఎందరో స్త్రీలకు అంతటి మృదంగాన్ని దూరం చేసింది. నష్టం జరిగిన చోటు వేరే, వాద్యం ఉన్న చోటు వేరే. రెండింటినీ ఒకేసారి చెప్పగలగడం మనకు చేతకావాలి. ఒకదాన్ని చెప్పడానికి ఇంకొకదాన్ని దాచనక్కరలేదు.

2018లో లైంగిక వేధింపుల ఆరోపణలు బయటపడ్డప్పుడు మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ డిసెంబరు ఉత్సవం నుంచి కొందరు కళాకారులను పక్కన పెట్టింది. అదే ఏడాది మార్చిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా, అక్కడ దశాబ్దాలపాటు వాద్యబృందాన్ని నడిపిన జేమ్స్ లెవైన్‌ను తొలగించింది. ఈ రెండు చోట్లా తీసుకున్నది వేదిక గురించిన నిర్ణయం. పక్కన పెట్టాలంటే ముందు విద్యను తక్కువ చేసి చూపించాలన్న అవసరం దానికి లేదు.

మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది, దాని వల్ల బతుకులు పోతాయి. మా జిల్లాలో ఒక గుడి కమిటీకి, ఏటా బ్రహ్మోత్సవాలకు వచ్చే సన్నాయి విద్వాంసుడికి డబ్బు దగ్గర మాట పెరిగింది. తప్పు ఇద్దరిదీ ఉందని విన్నాను. మరుసటి ఏడు ఆయనను పిలవలేదు, అడిగినవారికి "ఊపిరి నిలవడం లేదండీ, వాద్యం పోయింది" అని చెప్పారు. ఆ మాట పక్క ఊళ్లకు పాకి, ఆయనతో ఏ తగాదా లేని గుళ్లు కూడా పిలవడం మానేశాయి. నేను ఆయన వాద్యాన్ని ఆ ఏడే ఒక పెండ్లిలో విన్నాను. తారస్థాయి షడ్జం మీద నిలిచిన నిలుపు అప్పటికీ చెక్కుచెదరలేదు. "డబ్బు దగ్గర కుదరలేదు" అని నిజం చెప్పి ఉంటే వేరే గుడి ఆయనతో ముందే లెక్క మాట్లాడుకుని పిలిచేది. కాబట్టి మీరు ఆ వయొలిన్ విద్వాంసుడిని వద్దనుకుంటే, నడవడి వల్ల వద్దనుకున్నామనే చెప్పండి. "ఇప్పుడు అంత బాగా వాయించడం లేదు" అనే సాకు వాడవద్దు.

అయితే నడవడి అని చెప్పాలంటే అది తెలిసి ఉండాలి గదా. మీకు చెప్పినవారు నమ్మకస్తులే కావచ్చు, వారికి ఎలా తెలిసింది? సంభావనలో వాటా పోయిన శిష్యుడే చెప్పాడా, శిష్యుడి స్నేహితుడి స్నేహితుడు చెప్పాడా? ఆడపిల్లల విషయంలో మాత్రం సాక్ష్యం కోసం వారిని కమిటీ ముందుకు లాగే పని చేయవద్దు. కమిటీలోని ఒక పెద్ద వయసు స్త్రీతో విడిగా మాట్లాడే వీలు కల్పిస్తే చాలు, మాట్లాడాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఏమీ తేలకపోతే కూడా జాగ్రత్త పడవచ్చు. బస నుంచి వేదికకు తీసుకురావడానికి, తంబూరా పట్టడానికి, పలహారం అందించడానికి ఆడపిల్లలను ఒంటరిగా పంపకండి. ఏ విద్వాంసుడు వచ్చినా ఇలాగే చేస్తామని పెట్టుకుంటే ఎవరినీ అవమానించినట్టు కాదు.

గురువుగా ఎంచుకునే విషయంలో నా మాట ఇంకా కఠినంగా ఉంటుంది. కచేరీ మూడు గంటల్లో ముగుస్తుంది. గురువు ఇంటికి పిల్ల ఏళ్ల తరబడి వెళుతుంది, మూసిన గదిలో కూర్చుంటుంది, ఆయన మెప్పు మీద ఆమె భవిష్యత్తు ఆధారపడుతుంది. అక్కడ సగం అనుమానం ఉన్నా నేను పిల్లను పంపను, ఆయన ఎంతటి విద్వాంసుడైనా. కొంచెం తక్కువ విద్య ఉన్న గురువు దగ్గర నేర్చుకున్న పిల్ల తరువాత పెద్దవారి రికార్డింగులు విని, వర్క్‌షాపులకు వెళ్లి విద్య పెంచుకోగలదు.

చివరగా, అతని రికార్డింగులు విని మీరు నేర్చుకున్న సంగతులను వాయించడం మానేయాలా అని కూడా అడిగారు. మానేయనక్కరలేదు. ఎవరైనా ఈ సంగతి ఎక్కడిదని అడిగితే అతని పేరే చెప్పండి. ఆరాధన పుష్య బహుళ పంచమికి గనుక మీకు ఇంకా సమయం ఉంది. అతనికి ఇప్పటికే మాట ఇచ్చి ఉంటే, విచారణ ముగిసేదాకా కరపత్రం అచ్చుకు ఇవ్వకండి. వద్దనుకుంటే ఆ సంగతి ఉత్తరంలో అతనికే ముందు తెలియజేయండి, బయానా ఇచ్చి ఉంటే దాన్ని తిరిగి అడగవద్దు.